స్టవ్వులో తెల్ల పింగాణీ విరిగితే



పొదుపు, లోన్ల గురించి ముందు మాట్లాడినవాళ్ళు చెప్పేశారు. నన్ను గ్యాసు స్టవ్వు గురించి చెప్పమన్నారు. 1999లో దీపం పథకం వచ్చినప్పుడు కనెక్షన్లు మన డ్వాక్రా ఆడవాళ్ళకే ఇచ్చారు. అప్పటి స్టవ్వుకి అగ్గిపుల్ల చాలు. ఇప్పుడు చాలా ఇళ్ళల్లో తిప్పితే వెలిగే ఆటోమేటిక్ స్టవ్వులు వచ్చేశాయి.

బర్నరు పక్కన తెల్లగా చిన్న పింగాణీ పుల్ల, దాని కొసని ఇనప మొన ఉంటుంది చూడండి. స్పార్కు పిన్ను అంటారు. నాబ్ తిప్పితే కరెంటు వైరులోంచి ఆ మొనకి వచ్చి, బర్నరు మీదకి రవ్వలా దూకుతుంది. పింగాణీలోంచి కరెంటు పోదు, అది మంటకి కరగదు, అందుకే పెడతారు. మన ఉక్కు ఫ్యాక్టరీలో గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లున్న బ్లాస్ట్ ఫర్నేసుల లోపల కూడా వేడికి ఆగే ఇటుకలే కడతారు. అయితే వేడికి ఆగేది దెబ్బకి ఆగదు. కుక్కరు తగిలినా, వేడిమీద చన్నీళ్ళు పడినా చిట్లిపోవచ్చు.

చిట్లితే టిక్కుటిక్కుమని శబ్దం వస్తుంది గాని వెలగదు. కరెంటు ఆ పగుల్లోంచే స్టవ్వు రేకుకి దూకేస్తుంది. మనమేమో ఊరుకోం, మళ్ళీ మళ్ళీ తిప్పుతాం. తిప్పినప్పుడల్లా గ్యాసు వస్తూనే ఉంటుంది. అది గాలికన్నా బరువు, కిందే పరుచుకుంటుంది. ఆఖరికి ఒక్క రవ్వ పడిందంటే భగ్గుమంటుంది. మన కొంగు, మన చేతులు అక్కడే ఉంటాయి. విరిగిన పిన్నుతో అసలు భయం ఇదీ అమ్మా. ఒకటి రెండు సార్లకి వెలక్కపోతే నాబ్ కట్టేసి, తలుపులు కిటికీలు తీసి, వాసన పూర్తిగా పోయేదాకా ఆగండి. లైటు స్విచ్చి కూడా ముట్టుకోవద్దు. తర్వాత ముందు లైటరు బర్నరు దగ్గర పెట్టుకుని, అప్పుడు నాబ్ తిప్పండి. పిన్ను మార్చేదాకా అలా వండుకోవచ్చు.

మా గ్రూపులో ఒకక్కకి స్టవ్వే మార్చాలని ఒక మెకానిక్కు చెప్పాడు. ఆవిడ అప్పు అడగడానికి వచ్చింది. పిన్ను ఒక్కటీ మార్పిస్తే సరిపోయింది, వంద రూపాయల లోపు.

ముద్ద పెట్టి అతికించడం నాకు నచ్చదు. ఆ మంట దగ్గర అది నిలవదు, లోపల పగులు అలాగే ఉంటుంది. మార్చేటప్పుడు రెగ్యులేటరు కట్టేయాలి, స్టవ్వు చల్లారాలి. పిన్నుని పట్టుకున్న క్లిప్పో, నట్టో స్టవ్వు కింద ఉంటుంది. అది వదులు చేసి, వైరు మెల్లిగా లాగాలి. పాత ముక్కలు షాపుకి పట్టుకెళ్ళి, అదే పొడవుది తెచ్చుకోవాలి. కొత్తదాని మొన బర్నరుకి దగ్గరగా ఉండాలి గాని ఆనకూడదు. వారంటీ ఉంటే మనం విప్పొద్దు, కంపెనీవాళ్ళనే పిలవండి.

పిన్ను వరకే మన పని. గ్యాసు వచ్చే గొట్టం, జెట్టు, నాబ్ లోపలి వాల్వు ఏజెన్సీ మెకానిక్కుకే వదలండి. రబ్బరు ట్యూబు అయిదేళ్ళకోసారి మార్చాలి, దానిమీద ఏడాది వేసి ఉంటుంది. లీకు అనిపిస్తే 1906కి ఫోను చేయండి, ఇంటి బయటికొచ్చి చేయండి.

విరిగిన పిన్ను ఒకటి, కొత్తది ఒకటి తెచ్చాను. భోజనాల దగ్గర చూపిస్తాను, రండి.