విశాలకోణ కటకము - ఫిల్టరుల ఎంపిక

మా తాతగారి పెంకుటిల్లు కూల్పించుటకు ముందుదినమున, ఒక ఛాయాచిత్రమైనను మిగుల్చుకొందమని 24 మిల్లీమీటర్ల కటకముతో వెళ్ళితిని. కటకమునకున్న రక్షక ఫిల్టరును తీయకయే, దానిపై పోలరైజింగు ఫిల్టరును బిగించితిని. తరువాత చూచుకొనగా ఆకాశము నడుమ నల్లని పట్టీ. నాలుగు మూలలును చీకటి. పెరటి మూలనున్న తులసికోట ఆ చీకటిలో కలిసిపోయినది. ఇల్లు మరల లేవదు గదా!

శ్రోతలారా, లోపము కటకమునది కాదు. సూర్యునికి 90 డిగ్రీల దిశలో ఆకాశకాంతి మిక్కిలి ధ్రువణము చెంది యుండును. పోలరైజింగు ఫిల్టరు ఆ భాగమునే నల్లబరచును. 35 మిల్లీమీటర్ల ఫిల్ము కెమెరాపై 24 మిల్లీమీటర్ల కటకము అడ్డముగా సుమారు 74 డిగ్రీల మేర చూచును గనుక, నల్లబడిన ఆకాశము, నల్లబడనిది ఒకే చిత్రమున పడును. కావున ఆకాశము విస్తారముగా నున్నపుడు ఈ ఫిల్టరు వలదు. చెరువునీటిపై మెరుపును, తడియాకుల తళుకును తగ్గించుటకు మాత్రము దీనికి సాటి లేదు. అయితే ఎక్స్‌పోజరు సుమారు మూడు నాలుగు రెట్లు పెంచవలసి యుండును. తానై ఫోకసు చేసికొను కెమెరాలకు 'సర్క్యులర్' రకమే క్షేమకరము.

ఇక రక్షక ఫిల్టరు. ఫిల్ము కాలమున అది అతినీలలోహిత కిరణముల నాపెడిది. డిజిటల్ కెమెరాలకు ఆ యవసరము స్వల్పము. సముద్రతీరమున ఉప్పుతుంపరల నుండి, ఇసుక నుండి కాపాడుటయే దాని పని.

కొనునపుడు అంచు పలుచనిదానిని, పలుపూతల గాజును ఎంచుకొనుడు. రెంటిని ఒకదానిపై నొకటి బిగింపకుడు. ముఖ్యమైన చిత్రమునకు ముందు ఇంటిగోడను తీసి, మూలలు చూచుకొనుడు. ఆ రెండు నిమిషములు నేను వెచ్చించి యుండినచో మా తులసికోట నేడు నా కన్నులయెదుట నుండెడిది.