చైనాలో ఒక నది, ఒక బడి

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)



"మొన్న చైనా వెళ్లొచ్చావు కదా, ఆ విశేషాలు కాసేపు చెప్పు" అన్నారు కార్యదర్శి గారు. చెబుతాను. చివర్లో మాత్రం మన బడి గురించి ఒక మాట చెప్పాలి. అసలు నేను ఈ వేదిక ఎక్కింది దాని కోసమే.

ఎనిమిదో తరగతిలో మన సోషల్ మాస్టారు గోడకి ఆసియా పటం తగిలించి, బెత్తంతో హొయాంగ్‌హో నది వెంట గీత గీస్తూ "దీన్ని చైనా దుఃఖదాయిని అంటారు, ఎందుకు?" అని అడిగేవారు. హ్యూయన్‌త్సాంగ్ అంత దూరం నుంచి మన ధాన్యకటకం దాకా వచ్చాడని చెప్పింది కూడా ఆయనే. నేను చైనా బయల్దేరినప్పుడు మనసులో ఉన్నది ఆ పటమే.

అందుకే ముందు షియాన్ వెళ్లాను. హ్యూయన్‌త్సాంగ్ 645లో మన దేశం నుంచి 657 గ్రంథాలతో తిరిగి వెళ్లి, ఏళ్ల తరబడి వాటిని అనువదిస్తూ కూర్చున్న ఊరు అది. ఆ గ్రంథాల కోసం 652లో కట్టిన గోపురం ఇప్పటికీ ఉంది. అయితే అది మొదట కట్టింది కాదు. మొదటిది యాభై ఏళ్లకే పాడైతే 704లో మళ్లీ కట్టారు, ఆ తర్వాత కూడా మరమ్మతులు చేస్తూ వచ్చారు. ఆ రోజు ఈ సంగతి విని ఊరుకున్నాను. దాని విలువ తర్వాత తెలిసింది.

షియాన్ నుంచి చెంగ్డూకి రైలెక్కాను. మధ్యలో చిన్‌లింగ్ పర్వతాలు అడ్డం. సొరంగంలోంచి బయటికొచ్చి లోయ చూసే లోపే మళ్లీ సొరంగం. నాలుగు గంటల్లో చెంగ్డూ. వాళ్ల మొదటి 350 కిలోమీటర్ల వేగం లైను 2008లో మొదలైంది. 2023 చివరికి దేశంలో హైస్పీడ్ లైన్లు 45 వేల కిలోమీటర్లకు చేరాయి. ఇంజినీర్ని కదా, అసూయ పడ్డాను. మీతో అబద్ధం ఎందుకు?

కానీ నన్ను ఆపేసింది ఆ రైలు కాదు. చెంగ్డూకి గంట ప్రయాణంలో ఉన్న దూజియాంగ్‌యాన్ అనే ఊళ్లో ఒక పాత నీటి కట్టడం.

క్రీ.పూ. 256 ప్రాంతంలో లీ బింగ్ అనే పాలనాధికారి దాన్ని కట్టించాడు. అక్కడ మిన్ నది కొండల్లోంచి ఒక్కసారిగా మైదానంలోకి దిగుతుంది. వానాకాలం వరద, ఎండాకాలం కరువు. లీ బింగ్ నదికి అడ్డంగా ఆనకట్ట కట్టలేదు. నది మధ్యలో చేప మూతిలా ఒక గట్టు పోసి నీటిని రెండు పాయలు చేశాడు. లోపలి పాయ లోతు, ఇరుకు. బయటి పాయ వెడల్పు, లోతు తక్కువ. నీళ్లు తక్కువున్నప్పుడు పదింట ఆరు వంతులు లోతున్న లోపలి పాయలోకి, అంటే పొలాలకు పోతాయి. వరదొస్తే ఆ లెక్క తలకిందులై ఆరు వంతులు బయటి పాయలో పడి కిందికి వెళ్లిపోతాయి. తలుపుల్లేవు, మోటార్లు లేవు. నది వంపు, అడుగు లోతు, అంతే.

లోపలి పాయ ముందుకెళ్లాక కొండను చీల్చి సీసా మెడలాంటి దారి చేశారు. అప్పటికి మందుగుండు లేదు. బండను మంటతో కాల్చి, చన్నీళ్లు పోసి పగలగొట్టారట. ఆ మెడ పట్టినన్ని నీళ్లే మైదానంలోకి వెళతాయి. మిగిలినవి దాని పక్కనున్న పల్లపు కట్టు మీదుగా, ఇసుకనీ రాళ్లనీ ఊడ్చుకుంటూ బయటి పాయలోకి దొర్లిపోతాయి. ఈనాడు దాని కింద సాగయ్యేది 16 లక్షల ఎకరాలకు పైనే.

మనం గోదావరి నీళ్లు తాగి పెరిగినవాళ్లం. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్టనీ, కాటన్ దొరనీ తలుచుకోకుండా మనకి రోజు గడవదు. అలాంటి నాకు ఒకటే అనుమానం. వెదురు బుట్టల్లో గులకరాళ్లు నింపి పోసిన గట్టు 2,200 ఏళ్లు ఎలా నిలిచింది?

నాతో వచ్చిన దుబాసీ అమ్మాయిని అడిగాను. ఆ అమ్మాయి నవ్వి, "నిలవలేదండీ, ప్రతి ఏడూ కొట్టుకుపోయేది. ప్రతి ఏడూ మళ్లీ కట్టేవాళ్లు" అంది.

జవాబు అదే. చలికాలం నది సన్నబడగానే దుంగలతో ముక్కాలి పీటలు నిలబెట్టి, చాపలూ బంకమట్టీ అడ్డం వేసి పాయను మూసేవారు. పూడిక తీసేవారు. ఎంత లోతు తీయాలో గుర్తుగా నది అడుగున ఇనప దిమ్మెలు పాతిపెట్టారు. ఆ ఇనుము కనబడే దాకా తవ్వాల్సిందే. పైపైన గోకి "అయింది" అనడానికి వీల్లేదు. వసంతంలో పూజ చేసి నీళ్లు వదిలేవారు. రాజ్యాలు మారాయి, ఆ పని మారలేదు. ఇప్పుడు కాంక్రీటూ తలుపులూ కొన్ని వచ్చాయి గానీ పద్ధతి అదే.

అలాగని చైనా అంతా ఇలాగే నడిచిందని చెప్పను. 1958 తర్వాత వచ్చిన మహా కరువులో ఈ సిచువాన్ రాష్ట్రమే అందరికంటే ఎక్కువ నష్టపోయినవాటిలో ఒకటి. నీళ్ల కొరత వల్ల కాదు. పండని పంట పండిందని కింది అధికారులు లెక్కలు రాశారు. ఆ లెక్కల ప్రకారం పైవాళ్లు ధాన్యం తీసుకుపోయారు. 1978 తర్వాత సంస్కరణలతో దాదాపు 80 కోట్ల మంది కటిక పేదరికం నుంచి బయటపడ్డారు. అదీ నిజమే, ఇదీ నిజమే.

ఇంకో నిజం ఆ అమ్మాయే చెప్పింది. 2008 మే 12, మధ్యాహ్నం 2.28కి ఆ ప్రాంతంలో పెద్ద భూకంపం వచ్చింది. తను అప్పుడు చెంగ్డూలో నాలుగో తరగతి. వాళ్ల టీచరు అందర్నీ మైదానంలోకి తరిమిందట. లీ బింగ్ గట్టుకు బీటలు పడ్డాయి గానీ నీటి పంపకం ఆగలేదు. అదే దూజియాంగ్‌యాన్ ఊళ్లో బళ్లు కూలి వందల మంది పిల్లలు పోయారు. సిచువాన్ మొత్తం మీద చనిపోయిన, ఆచూకీ దొరకని విద్యార్థులు 5,335 మంది అని ప్రభుత్వమే చెప్పింది. పక్కనున్న భవనాలు నిలబడి బళ్లు మాత్రం ఎందుకు పడ్డాయని తల్లిదండ్రులు అడిగారు. ఆ గోడలను "టోఫు పిప్పి" అన్నారు. అడిగినవాళ్లలో కొందరు ఇబ్బందులపాలయ్యారు.

అప్పుడు ఒక్క బడి కథ చెప్పింది. సాంగ్‌జావో మిడిల్ స్కూలు. హెడ్మాస్టరు పేరు యె జిపింగ్. 1980లలో కట్టిన ఆ బడి భవనం పూర్తయినప్పుడు, బాగుందని సంతకం పెట్టడానికి ఎవరూ ముందుకు రాలేదట. ఆయన హెడ్మాస్టరయ్యాక గోడలు పరీక్ష చేయిస్తే కాంక్రీటు ఉండాల్సిన చోట సిమెంటు సంచుల కాగితం దొరికింది. ఏళ్ల తరబడి అధికారుల చుట్టూ తిరిగి, కాస్త కాస్త డబ్బు తెచ్చి, స్తంభాలు లావు చేయించాడు. కట్టడానికి లక్షా అరవై వేల యువాన్లు అయితే బాగు చేయడానికి దాదాపు నాలుగు లక్షలు అయ్యాయి. 2005 నుంచి పిల్లలకు బయటికి పరిగెత్తే సాధన కూడా చేయించాడు. భూకంపం వచ్చిన రోజు 2,200 మందికి పైగా పిల్లలు, వంద మంది దాకా టీచర్లు 1 నిమిషం 36 సెకన్లలో మైదానంలోకి వచ్చేశారు. ఒక్కరికీ ఏమీ కాలేదు. ఊరెళ్లిన హెడ్మాస్టరు పరిగెత్తుకొచ్చి, నిలబడ్డ పిల్లల్ని చూసి ఏడ్చేశాడట. ఆయన 2011లో చనిపోయారు.

ఆ రాత్రి హోటల్లో నాకు నిద్ర పట్టలేదు. కారణం ఇప్పుడు చెబుతాను.

2003లో మన సంఘం తూర్పు బ్లాకు మీద రెండు గదులు వేసింది. డ్రాయింగు నాది. సంతకం నాది. ఆగస్టు 15కి ప్రారంభం కావాలని అందరం తొందరపడ్డాం. కింది అంతస్తు మనం చదువుకున్నప్పటిది. దాని స్తంభాలు, పునాదులు పైబరువు మోస్తాయా అని నేను పరీక్ష చేయలేదు. పాత ప్లాను చూసి, "మన బడే కదా" అనుకుని సంతకం పెట్టాను. నాకు శాలువా కప్పారు. ఆ ఫొటో ఈ సంచికలో కూడా ఉందేమో.

చైనా నుంచి వచ్చాక, కిందటి నెల ఒక ఆదివారం రీబౌండ్ హ్యామర్ పట్టుకుని మన బడికి వచ్చాను. కింది స్తంభాల్లో రెండింటికి రీడింగు తక్కువ వచ్చింది. ఒక దూలం అడుగున పెచ్చులూడి, తుప్పు పట్టిన చువ్వలు కనిపిస్తున్నాయి. రేపే కూలుతుందని నేను అనడం లేదు. కానీ ఇది నేను ఇరవై ఏళ్ల కిందటే చూడాల్సింది. హెడ్మాస్టరు గారికి చెప్పగానే, ఒక్క మాట అనకుండా, మర్నాడే పైగదుల పిల్లల్నీ వాటి కింది గదుల పిల్లల్నీ పాత హాల్లోకి మార్చారు. ఆయనకు మీ అందరి ముందూ కృతజ్ఞతలు.

స్వర్ణోత్సవ గుర్తుగా గేటు దగ్గర ఆర్చి కట్టాలని సంఘం నిధి పోగుచేసింది. నా మనవి ఒక్కటే. ఆ డబ్బు ముందు తూర్పు బ్లాకుకు ఖర్చుపెడదాం. పరీక్షలు వేరే స్ట్రక్చరల్ ఇంజినీరుతో చేయిద్దాం, నా తప్పును నేనే దిద్దుకుని నేనే మార్కులు వేసుకోకూడదు. తక్కువ పడితే మొదటి వాటా నాది. ఆర్చి మీద పేర్లు చెక్కించుకోవచ్చు, స్తంభం లోపల చెక్కించుకోలేం. అది తెలిసే అడుగుతున్నాను.

రెండో మనవి. మన డెల్టాలో ఏటా వేసవిలో కాలువలు కట్టేసి మరమ్మతులు చేస్తారు. బడికి సెలవులు కూడా అప్పుడే. ఏటా ఆ రోజుల్లో మనలో ఇంజినీర్లం నలుగురం వచ్చి ప్రతి గదీ, ప్రతి స్తంభం చూసి, ఉన్నది ఉన్నట్టు రాసి హెడ్మాస్టరు గారికి ఇద్దాం. ఇనుము కనబడే దాకా తవ్వడమంటే మనకి ఇదే.

మాస్టారు, మీరు మాకు లెక్క తప్పితే కొట్టేసి మళ్లీ చేయమనేవారు. ఈ లెక్క మళ్లీ చేయడానికి అనుమతి ఇవ్వండి.