యానాదుల దావ



మా ప్రాంతమున నొక కర్మాగారమువారు యానాదుల గుడిసెలకు వచ్చి దుప్పట్లు పంచిరి. నేనును అచట నుంటిని. ఒక ముదుసలి దుప్పటి నందుకొని, "బాగుండాది సామీ. చెరువుకాడికి పొయ్యే దావకు కంచె ఏసినారే, ఆ దావ ఇడిసిపెట్టండి" అనెను. చేపలు పట్టి బ్రదుకువానికి చెరువే పొలము గదా! అధికారి నవ్వి బండి యెక్కెను.

విశాఖ మన్యమున బొర్రా ప్రాంతపు గనులనుగూర్చి 'సమత' సంస్థ వ్యాజ్యము నడపెను. షెడ్యూల్డు ప్రాంతములలో ప్రభుత్వభూములను సైతము ప్రైవేటు కంపెనీలకు గనుల కౌలు కిచ్చుట చెల్లదని 1997 జూలై 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. గనుల నికరలాభములో కనీసము 20 శాతము గిరిజనుల నీటికి, బడులకు, వైద్యశాలలకు, బాటలకు శాశ్వతనిధిగా నుంచవలెననియు పలికెను.

మన చిత్తూరు, తిరుపతి జిల్లాలలో షెడ్యూల్డు ప్రాంతమే లేదు. కావున ఆ తీర్పు రక్షణ మన యానాదులకు అందదు. ఇక 2013 నాటి కంపెనీల చట్టము ప్రకారము పెద్ద కంపెనీలు సగటు లాభములో 2 శాతము సమాజహితమునకు వెచ్చింపవలెను. దుప్పట్లు ఆ పద్దులోనివే కాబోలు. వానిని నేను నిందింపను. కాని పంచుటకు ముందు కంచె సంగతి తేలవలదా? కంపెనీవారు యానాది పెద్దలను పిలిచి, కూర్చుండబెట్టి, పూర్వపు దారి యేదో వారినే చూపుమని, కంచెను వెనుకకు జరుపవలెను.

అప్పుడు సాక్ష్యము చెప్పవలసినవారము మనమే. వారి తాతలు ఆ దారిన నడచుట మనము చూచితిమి గదా! కంచె నాటిననాడు ఊరిలో నెవ్వరమును నోరు మెదపలేదు, నేనును మెదపలేదు.

మొన్న అటు పోయితిని. దుప్పటి తడికపై ఆరుచున్నది. కంచె యట్లే యున్నది.