మా చిట్టి ఈనిన రాత్రి: ఇంట్లో కుక్క కాన్పుకి ముందు మీకు తెలియాల్సినవి

 

పోయిన నెల ఒక వీడియోలో చిట్టి కడుపుతో ఉందని చెప్పాను కదా. అప్పటి నుంచి "అన్నా, పిల్లలు పుట్టాయా, చూపించు" అని కామెంట్స్ వస్తూనే ఉన్నాయి. పుట్టాయి. మొత్తం ఆరు. ఐదు బాగున్నాయి. ఒకటి బతకలేదు. అది బతకకపోవడంలో నా తప్పు కూడా ఉంది. ఆ తప్పు మీరు చేయకూడదనే ఈ వీడియో. పిల్లల్ని చివర్లో చూపిస్తా, అంతవరకు ఓపిక పట్టండి.

కొత్తగా వచ్చినవాళ్ల కోసం చెప్తున్నా. మేం ఉండేది కొత్తపేటలో, దిల్‌సుఖ్‌నగర్‌కి ఎల్బీ నగర్‌కి మధ్యలో. అద్దె ఇల్లు, కింద ఓనర్ ఆంటీ వాళ్లు, పైన మేము. చిట్టి మన గల్లీ కుక్కే. రెండేళ్ల కింద వానలో మెట్ల కింద దొరికింది. ఆపరేషన్ చేయిద్దాం, చేయిద్దాం అనుకుంటూ వాయిదా వేశాను. వానాకాలం చివర్లో ఒకరోజు గేటు తీసి ఉంది, బయటికి పోయింది. అంతే. మన వీధి కుక్కలు ఎక్కువగా ఆ టైంలోనే కలుస్తాయి, అందుకే చలికాలంలో గల్లీల్లో అన్ని పిల్లలు కనిపిస్తాయి.

మొదటి విషయం, రోజుల లెక్క. కుక్కకి కడుపు సుమారు 63 రోజులు. కలిసిన రోజు నుంచి లెక్కేస్తే 58 నుంచి 68 మధ్య ఎప్పుడైనా ఈనొచ్చు. ఆ తేదీ ఫోన్ క్యాలెండర్‌లో పెట్టుకోండి. నాలుగు వారాలు దాటాక స్కానింగ్ చేస్తే కడుపు ఉందో లేదో, పిల్లల గుండె కొట్టుకుంటుందో లేదో తెలుస్తుంది. కానీ ఎన్ని పిల్లలో కరెక్ట్‌గా చెప్పేది ఎక్స్‌రే. అది 55వ రోజు దాటాక తీయించాలి, అప్పటికి ఎముకలు గట్టిపడి స్పష్టంగా కనిపిస్తాయి. "ఎన్నైతే ఏంటి, పుట్టినప్పుడు చూద్దాంలే" అనుకోకండి. నాలుగు పుట్టాక కుక్క పడుకుంది అనుకోండి, అయిపోయిందా, లోపల ఇంకోటి ఇరుక్కుందా? నంబర్ తెలియకపోతే మీకు ఎలా తెలుస్తుంది? మా చిట్టికి ఎక్స్‌రేలో ఆరు అని తేలింది. ఆ రాత్రి మాకు అదే ఆధారం.

రెండోది, తిండి. మొదటి నెల మామూలుగానే పెట్టండి. ఐదో వారం నుంచి కొంచెం కొంచెం పెంచండి. కడుపు పెద్దదయ్యాక ఒకేసారి తినలేదు, అందుకే రోజుకి మూడు నాలుగు సార్లు. ఇక్కడ అందరూ చేసే తప్పు ఒకటుంది, కాల్షియం సిరప్. "కడుపుతో ఉంది కదా, బలానికి" అని ఎవరో ఒకరు చెప్తారు, మనం తెచ్చి పోసేస్తాం. కడుపుతో ఉన్నప్పుడు ఊరికే కాల్షియం పోస్తే, అవసరమైనప్పుడు ఎముకల్లోంచి కాల్షియం తీసుకునే పని ఒంటికి సరిగ్గా సాగదు. ఈనాక పాలిచ్చే టైంలో రక్తంలో కాల్షియం ఒక్కసారిగా పడిపోయే ప్రమాదం పెరుగుతుంది. డాక్టర్ చెప్తేనే ఇవ్వండి.

మూడోది, ఈనే చోటు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ఎలక్ట్రానిక్స్ షాపులో అడిగి వాషింగ్ మెషిన్ అట్టపెట్టె తెచ్చాను. కుక్క కాళ్లు చాపి పడుకునేంత వెడల్పు ఉండాలి. ఒకవైపు తల్లి దాటగలిగేంత ఎత్తులో కోయాలి. లోపల గోడల వెంట ఒక బెత్తెడు జాగా వదిలి అడ్డంగా కర్రో పైపో పెట్టండి. తల్లి గోడకి ఆనుకుని పడుకున్నప్పుడు పిల్ల మధ్యలో నలిగిపోకుండా అదే కాపాడుతుంది. కింద పాత న్యూస్ పేపర్లు, పైన పాత కాటన్ చీరలు, బెడ్‌షీట్లు. కనీసం వారం పది రోజుల ముందే పెట్టి అక్కడ పడుకోవడం అలవాటు చేయాలి. లేదంటే మీ మంచం కిందో, మెట్ల కిందో తనే వెతుక్కుంటుంది.

పక్కన ఒక బకెట్‌లో ఇవి రెడీగా పెట్టుకోండి: డిజిటల్ థర్మామీటర్, వంటింటి తూకం మిషన్, శుభ్రమైన టవళ్లు ఒక డజను, గ్లవ్స్, మరిగించిన కత్తెర, నూలు దారం, బెటాడిన్, వేడినీళ్ల సీసా, టార్చ్. పిల్లల్ని గుర్తుపట్టడానికి రంగురంగుల ఊలు దారాలు కూడా.

నాలుగోది, ఫోన్ నంబర్లు. మీరు రోజూ చూపించే డాక్టర్ రాత్రి రెండింటికి ఫోన్ ఎత్తుతారా? ముందే అడగండి. రాత్రి తెరిచి ఉండే క్లినిక్ ఒకటి వెతికి, పగలు ఒకసారి వెళ్లి చూసి రండి. నారాయణగూడలో ప్రభుత్వ పశువుల ఆసుపత్రి ఉంది, మలక్‌పేట, చాదర్‌ఘాట్, కోఠి మీదుగా పోవచ్చు. రాజేంద్రనగర్‌లో పీవీ నరసింహారావు వెటర్నరీ యూనివర్సిటీ ఉంది, ఎల్బీ నగర్ నుంచి చాంద్రాయణగుట్ట, ఆరాంఘర్ రూట్. ఏది ఎన్ని గంటల దాకా ఉంటుందో ముందే కనుక్కోండి. యాప్‌లో బుక్ చేస్తే కుక్కని చూసి క్యాన్సిల్ చేసేవాళ్లే ఎక్కువ. అందుకే మా గల్లీ చివర ఉండే ఆటో అన్నతో వారం ముందే మాట్లాడి పెట్టుకున్నా.

ఇక ఆ రోజు సంగతి. కుక్కకి మామూలు టెంపరేచర్ 101 నుంచి 102.5 ఫారన్‌హీట్. ఈనే ముందు అది 99 కంటే కిందికి పడిపోతుంది. పడ్డాక ఎక్కువగా 24 గంటల్లోపు నొప్పులు మొదలవుతాయి. 57వ రోజు నుంచి పొద్దున సాయంత్రం థర్మామీటర్ చివర కొంచెం వ్యాజిలిన్ రాసి మలద్వారంలో పెట్టి చూశాను. 62వ రోజు పొద్దున 98.6. నేను నాలుగేళ్లు సాఫ్ట్‌వేర్ సపోర్ట్‌లో నైట్ షిఫ్టులు చేసినోణ్ని. ఏం జరిగినా టైమ్ వేసి రాసుకోవడం అలవాటు. నోట్స్ ఓపెన్ చేసి రాయడం మొదలుపెట్టా.

మధ్యాహ్నం నుంచి తిండి మానేసింది. వగర్చడం, వణకడం, పేపర్లు చింపి కుప్ప వేయడం. ఇది మొదటి దశ, సాధారణంగా 6 నుంచి 12 గంటలు, మొదటి కాన్పుకి ఇంకా ఎక్కువ కూడా పట్టొచ్చు. ఇక్కడ మీ పని ఏమీ లేదు. లైట్ తగ్గించండి, చుట్టాల్ని పిలవకండి, రీల్స్ తీయకండి. పక్క ఫంక్షన్ హాల్లో డీజే మోగుతుంటే నేను కిటికీలకి దుప్పట్లు కట్టాను.

అమ్మ సూర్యాపేట నుంచి ఫోన్ చేసింది. "బిడ్డా, బర్రె ఈనేటప్పుడు మీ తాత దూరంగ కూసునేటోడు. ఊకె చెయ్యి పెట్టకు. మాయ పడ్డదా లేదా, అది మాత్రం సూడు" అంది. కుక్క విషయంలో కూడా ఇదే కరెక్ట్. ఒక్కో పిల్లకి ఒక్కో మాయ. ఒక్కోసారి రెండు పిల్లలు వచ్చాక రెండు మాయలు కలిసి పడతాయి. తల్లి తినేస్తుంది, కంగారు పడకండి, కానీ లెక్క పెట్టండి. లోపల ఉండిపోతే ఇన్ఫెక్షన్ రావొచ్చు.

రాత్రి 11:20కి మొదటి పిల్ల. తోక వైపు నుంచి వచ్చింది. నాకు గుండె ఆగినంత పనైంది, కానీ కుక్కల్లో అలా రావడం మామూలే. చిట్టి పొర చించి, బొడ్డు కొరికి, నాకి నాకి కేకలు పెట్టించింది. 11:50కి రెండోది. చిట్టి మొదటిదాన్ని నాకుతూ దీన్ని పట్టించుకోలేదు. ఒక నిమిషం ఆగి నేనే పొరని మూతి దగ్గర చించాను. మూతి, ముక్కు తుడిచి, తల కొంచెం కిందికి ఉంచి టవల్‌తో రుద్దాను. కుయ్యిమంది. బొడ్డుకి పొట్ట నుంచి రెండు సెంటీమీటర్ల దూరంలో దారం కట్టి, దారం అవతల కత్తిరించి, బెటాడిన్ రాశాను. బొడ్డు ఎప్పుడూ పట్టి లాగకండి. కొంతమంది పిల్లని చేతుల్లో పట్టుకుని గాల్లో ఊపుతారు, నీళ్లు బయటికి వస్తాయని. అస్సలు వద్దు, మెదడులో రక్తం కారే ప్రమాదం ఉంది.

ఇప్పుడు నా తప్పు. 12:20కి మళ్లీ గట్టిగా ముక్కడం మొదలైంది. 12:50, ఏమీ రాలేదు. ఒంటిగంట దాటింది, ఏమీ రాలేదు. నేను ఫోన్‌లో వెతికితే "రెండు పిల్లల మధ్య రెండు గంటలు, ఒక్కోసారి నాలుగు గంటలు గ్యాప్ నార్మల్" అని కనిపించింది. హమ్మయ్య అనుకుని కూర్చున్నా. ఆ మాట నిజమే, కానీ అది తల్లి హాయిగా పడుకుని రెస్ట్ తీసుకుంటున్నప్పటి గ్యాప్ గురించి. మా చిట్టి రెస్ట్ తీసుకోవట్లేదు, ముక్కుతూ ఉంది. ఈ రెండూ వేరు. గట్టిగా ముక్కుతూ 20, 30 నిమిషాల్లో పిల్ల రాకపోతే లోపల ఏదో అడ్డం పడ్డట్టే. అంటే 12:50కే నేను ఫోన్ చేయాల్సింది. చేసింది 2:10కి. ఆ 80 నిమిషాలు నా నోట్స్‌లో ఖాళీగా ఉన్నాయి.

ఓనర్ ఆంటీ మొదట్లో "ఇంట్ల కుక్క ఈనుడేందయ్యా" అని విసుక్కున్నావిడే, ఆ టైంలో లేచి వేడినీళ్ల సీసా నింపి, టవల్ చుట్టి ఇచ్చింది. రెండు పిల్లల్ని చిన్న పెట్టెలో సీసా పక్కన పెట్టుకుని, చిట్టిని ఒళ్లో వేసుకుని ఆటోలో వెళ్లాం. మూడో పిల్ల పెద్దది, తల పక్కకి తిరిగి ఇరుక్కుంది. డాక్టర్ జెల్ రాసి, చేత్తో సర్ది మెల్లగా తీశారు. అప్పటికే పోయింది. అడ్డం తొలిగాకే ఆయన నొప్పుల ఇంజెక్షన్ ఇచ్చారు. ఇది బాగా గుర్తుపెట్టుకోండి. మెడికల్ షాపులో ఆ ఇంజెక్షన్ తెచ్చి ఇంట్లో వేసేవాళ్లున్నారు. అడ్డం ఉండగా వేస్తే గర్భసంచి చిరిగిపోవచ్చు. ఐదింటికల్లా మిగతా మూడూ వచ్చాయి, బతికే వచ్చాయి. డాక్టర్ నా నోట్స్ చూసి "టైమ్స్ బాగా రాశావు బాబూ, ఆ టైమ్ చూసి కదలాలి కదా" అన్నారు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

సో ఫ్రెండ్స్, ఇది స్క్రీన్‌షాట్ తీసుకోండి. ఇవి కనిపిస్తే వెంటనే డాక్టర్‌కి ఫోన్. గట్టిగా ముక్కుతూ 20, 30 నిమిషాలైనా పిల్ల రాకపోతే. లోపల ఇంకా ఉన్నాయని తెలిసి, ముక్కకపోయినా రెండు గంటలు దాటితే. మొదటి పిల్ల రాకముందే ఆకుపచ్చ నీళ్లు కనిపిస్తే. పుట్టడం మొదలయ్యాక ఆ రంగు మామూలే. టెంపరేచర్ పడి 24 గంటలైనా నొప్పులు రాకపోతే. రక్తం ధారగా పోతే. తల్లి లేవలేకపోతే.

పుట్టాక ఏం చేయాలి? మొదటి రోజే అన్నీ ముర్రుపాలు తాగాలి, రోగాల్ని తట్టుకునే శక్తి దాంట్లోంచే వస్తుంది. ఇంకోటి వేడి. పుట్టిన పిల్లలకి వణికి ఒళ్లు వేడెక్కించుకోవడం కూడా రాదు. మొదటి వారం పెట్టెలో ఒక మూల 29 నుంచి 32 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. ఒక మూలే అంటున్నా, ఎక్కువైతే పక్కకి జరగాలి కదా. పిల్ల ఒళ్లు చల్లగా ఉంటే ముందు వేడి, తర్వాతే పాలు, చల్లటి ఒంటికి పాలు అరగవు. అమ్మ "ఆవు పాలు పట్టు" అంది. ఇక్కడ మాత్రం అమ్మ మాట వినలేదు. కుక్క పాలలో ఉన్నంత కొవ్వు, ప్రొటీన్ ఆవు పాలలో ఉండవు. తల్లి పాలు చాలకపోతే కుక్కపిల్లల పాలపొడే వాడండి.

రోజూ ఒకే టైమ్‌కి తూకం వేయండి. మొదటి రోజు కొంచెం తగ్గినా తర్వాత రోజూ పెరగాలి, పది రోజుల్లో సుమారు రెట్టింపు కావాలి. మాలో నీలం దారం పిల్ల రెండో రోజు 290 నుంచి 270 గ్రాములకి తగ్గింది. ఎక్కువ పాలుండే వెనక చన్నుల దగ్గర దాన్ని పెడితే కోలుకుంది. తూకం లేకపోతే నాకు తెలిసేదే కాదు. ఇక తల్లిని మూడు నాలుగు వారాలు గమనించండి. వణుకు, కాళ్లు బిగుసుకుపోవడం, జ్వరం కనిపిస్తే ఇందాక చెప్పిన కాల్షియం పడిపోవడం అదే. గంటలు కాదు, నిమిషాల లెక్క. వెంటనే డాక్టర్ దగ్గరికి.

చివరి మాట. ఐదు పిల్లలకి ఇళ్లు వెతుకుతున్నా. ఎనిమిది వారాలు నిండకుండా ఎవరికీ ఇవ్వను, అమ్మకానికి అయితే మన 2017 రూల్స్ కూడా అదే చెప్తున్నాయి. పిల్లలు పాలు మానేశాక డాక్టర్‌ని అడిగి చిట్టికి ఆపరేషన్ చేయిస్తా. "ఒక్కసారైనా తల్లి కావాలి కదా" అని కావాలని పిల్లల్ని పుట్టించకండి. దాని ఆరోగ్యానికి అది అవసరం లేదు. గల్లీ కుక్కల ఆపరేషన్లకైతే మన వైపు ఫతుల్లగూడలో యానిమల్ కేర్ సెంటర్ ఉంది. మీ సెల్లార్‌లో వీధి కుక్క ఈనితే పిల్లల్ని ఎత్తి వేరే చోట పడేయకండి. ఒక గోనె సంచి, గిన్నెడు నీళ్లు, కొంచెం పెరుగన్నమో గుడ్డో పెట్టి దూరంగా ఉండండి.

ఇవిగో పిల్లలు. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, తెలుపు, అదిగో అందర్నీ తొక్కుకుంటూ పోతోందే, అదే నీలం దారం. కళ్లు నిన్ననే తెరిచింది. దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీ నగర్, వనస్థలిపురం వైపు ఎవరైనా నిజంగా పెంచుకునేవాళ్లుంటే కామెంట్ పెట్టండి. ఇల్లు చూశాకే ఇస్తా, ఏమీ అనుకోవద్దు. మీ ఇంట్లో కుక్క కడుపుతో ఉంటే ఈ వీడియో సేవ్ చేసుకోండి, ఇంట్లో అందరికీ చూపించండి. మళ్లీ వచ్చే ఆదివారం కలుద్దాం. బై.