చదివింపుల మర్యాద

(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



పెండ్లిండ్లలో వస్తువులకు మారుగా రొక్కము నడుగుట తప్పా, యొప్పా యని పలువురు మమ్ము ప్రశ్నించుచున్నారు. ఇటీవల కొన్ని శుభలేఖలమీద సొమ్ము పంపుటకు క్యూఆర్ కోడు సయితము ముద్రింపబడుచున్నది. అది చూచి వృద్ధులు నొచ్చుకొనుచున్నారు. పది గోడగడియారములు వచ్చి మూలబడుటకంటె నిదియే మేలు గదా యని యువకులనుచున్నారు. ఇరువురి మాటలందును సత్యము గలదు.

రొక్కమిచ్చుట మనకు క్రొత్త గాదు. చదివింపులు మన పెద్దల యేర్పాటే. చదువు ధాతువునకు ప్రేరణరూపము చదివించు. ఇచ్చినవారి పేరును మొత్తమును పందిటిలో బిగ్గరగా చదివించుటచే నా పేరు వచ్చినది. నూటపదహార్లు మన నోట నానిన సంఖ్య. కర్నూలు, కడప మండలముల మెట్టపొలములలో వాన కురిసిన యేడు వేరుసెనగ చేతికి వచ్చును. కురియని యేడు అప్పు మిగులును. అట్టి సీమలో పదిమందియు తలకింత వేసి యొక యింటి పెండ్లిని గట్టెక్కించుటయే చదివింపుల పరమార్థము. పద్దు వ్రాసికొనుట మరల నా ఋణము తీర్చుటకే గాని, యెవరెంతవారో తూచుటకు గాదు.

ఐనను ఆ చదువుటయే యొక్కొకచో శూలమగును. మేము పల్లెబడిలో పనిచేయు దినములలో, ఒక కరవు సంవత్సరమున నొక పెండ్లికి పోయియుంటిమి. ఒక బంధువు పేరు చదివి, "ఐదు రూపాయలు" అని కేకవేసినంతనే యెవరో నవ్విరి. పంక్తి కూర్చుండు వేళకు ఆయన కనబడలేదు. నాలుగు క్రోసులు నడచి వచ్చినవాడు ఆకలితో మరలిపోయెను. నవ్వినవారిని మేమును వారింపకుంటిమి. ఆ దోషమున మాకును భాగము గలదు.

1961లో వచ్చి 1984లో సవరింపబడిన వరకట్న నిషేధ చట్టము గూడ, కట్నమడుగుటను నేరముగా నెంచి, వధూవరులకు అడుగకయే వచ్చిన కానుకలను, జాబితాలో వ్రాసియుంచినచో, మన్నించుచున్నది. అడుగుటకును ఇచ్చుటకును గల భేదము శాసనమే యెరిగినపుడు మన మెరుగకుండుట తగునా?

కావున మాకు తోచిన మర్యాద యిది. శుభలేఖమీద ధనము మాట యుండరాదు. పిలుపు పిలుపుగానే యుండవలయును. దగ్గరివారు తామై "ఏమి తెమ్మందువు?" అని యడిగినచో, "వస్తువు వలదు, చదివింపే చాలును" అని యింటి పెద్దలు మొగమాటము లేక చెప్పవచ్చును; ఎంతయని మాత్రము చెప్పరాదు. పందిటిలో పేరు చదువుడు, అంకె చదువకుడు. అంకె పద్దులోనే యుండనిండు. ఇత్తడి చెంబు తెచ్చినవానిని, వట్టిచేతులతో వచ్చినవానిని నొకే పంక్తిలో కూర్చుండబెట్టుడు.

దానము శ్రద్ధతోను, లజ్జతోను చేయవలయునని తైత్తిరీయోపనిషత్తు బోధించుచున్నది. ఇచ్చువానికే లజ్జ విధింపబడగా, అడుగువానికి మరెంత యుండవలయును! రాబోవు పెండ్లినుండియే యంకె చదువుట మానెదమని యీ సభ తీర్మానించినచో, ఆనాడు పస్తుతో మరలిన యాయనకు మేము పడిన ఋణము కొంతయైనను తీరును.

స్వస్తి.