కబురందించినవారు – కడవరకు నిలిచినవారు



1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాను బాంబులు పడిన సంగతి మనలో అనేకులు పెద్దల నోట విన్నారు. దానికి సుమారు ఏడు వారాల ముందు ఆస్ట్రేలియా ఉత్తర తీరమునందలి డార్విన్ పట్టణములో జరిగిన సంగతి ఒకటి మీ ముందుంచుతాను.

1872లో పూర్తియైన మూడువేల కిలోమీటర్లకు పైబడిన తంతి మార్గము డార్విన్‌ను దక్షిణ ఆస్ట్రేలియాతో కలిపింది. మొదటి ప్రపంచ యుద్ధములో మూడు లక్షలకు పైగా ఆస్ట్రేలియనులు విదేశాలలో పనిచేయగా, సుమారు అరవైవేలమంది మరణించారు. తిరిగి వచ్చినవారికి ప్రభుత్వోద్యోగాలలో ప్రాధాన్యమిచ్చారు. తపాలా తంతి శాఖలోను తుపాకి దించి తంతి మీట పట్టిన మాజీ సైనికులు ఉండేవారు. ఇక వారి పని మనుష్యుల మధ్య కబుర్లు చేరవేయడమే. అయితే యుద్ధము మరల వచ్చింది. ఈసారి తంతి కార్యాలయమే యుద్ధభూమి అయింది.

1941 డిసెంబరు నుండి స్త్రీలను, పిల్లలను డార్విన్ నుండి పంపివేశారు. టెలిఫోను పనిచేసే కొందరు యువతులు మాత్రము తమంతట తామే ఉండిపోయారు.

1942 ఫిబ్రవరి 19 ఉదయము బాథర్‌స్ట్ ద్వీపములోని కతోలిక మిషనునుండి ఫాదర్ జాన్ మెక్‌గ్రాత్ గొప్ప విమానాల గుంపును చూచి, వెంటనే రేడియోలో డార్విన్‌కు తెలియజేశారు. ఆ కబురు వైమానిక దళమునకు చేరింది. అవి తిరిగివచ్చుచున్న అమెరికా విమానాలై యుండవచ్చునని తలంచి, అపాయపు సైరను మోగించలేదు. ఇరవై నిమిషాలకు పైగా విలువైన సమయము వ్యర్థమైంది. పది గంటలు కావస్తుండగా 188 విమానాలు పట్టణముమీద విరుచుకుపడ్డాయి.

బాంబులు పడుచున్నవని అడిలైడ్‌కు తెలిపిన తరువాతనే ఒక తంతి ఉద్యోగి తన మీట విడిచాడు. పోస్టుమాస్టరు హర్టిల్ బాల్డ్, ఆయన భార్య, కుమార్తె, తోడి ఉద్యోగులు తోటలోని కందకములో తలదాచుకొన్నారు. బాంబు సరిగా అక్కడనే పడింది. మీట విడిచి వచ్చిన ఆ ఉద్యోగియు, ఉండిపోయిన యువతులలో కొందరును అక్కడనే మరణించారు. ఆ దినమున డార్విన్‌లో మృతులు 230 మందికి పైగా ఉన్నారు.

బ్రతికిన తంతి ఉద్యోగులు చేతులు ముడుచుకొని కూర్చొనలేదు. ఊరి వెలుపలికి పోయి, తెగని తీగకు పరికరము తగిలించి, దక్షిణమునకు మరల కబురంపారు. ఆ పోస్టాఫీసు ఉన్న చోటనే 1994లో శాసనసభా భవనము ప్రారంభమైంది. మృతుల స్మారక చిహ్నము అక్కడ గలదు.

ప్రియులారా, ఇందులో రెండు సంగతులున్నవి. కబురు చెప్పువాడు నమ్మకముగా చెప్పాడు, వినవలసినవారు వినలేదు. మన ఇండ్లలో, సంఘములో ఎవరైనా అపాయము చూచి హెచ్చరించినప్పుడు, ‘మనవారే అయ్యుంటారులే’ అని కొట్టివేయకుందము. రెండవది, ఎవరి కంటను పడని చిన్న బల్లయొద్ద కూర్చున్నవారు సైతము కడవరకు తమ పని నెరవేర్చగలరు. నూరేండ్ల పండుగలో గొప్పవారి పేర్లతోపాటు అట్టివారినికూడ జ్ఞాపకము చేసికొందము.