టోలు సంగతి తర్వాత, ముందు రూపాయి లెక్క

(తాడేపల్లిగూడెంలో రైతుల సమావేశంలో చేసిన ప్రసంగం)

దాళ్వా మాసూళ్లు వదులుకుని వచ్చారు, కాబట్టి నేరుగా విషయానికొస్తాను.

2024 నవంబరులో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు గారు అసెంబ్లీలో ఒక ప్రతిపాదన చెప్పారు. జాతీయ రహదారుల్లాగే రాష్ట్ర రోడ్లనూ ఏజెన్సీలకు అప్పగిస్తారట. వాళ్లు బాగుచేసి టోలు వసూలు చేసుకుంటారట. మొదట గోదావరి జిల్లాల్లోనే చేసి చూస్తారట. మోటారు సైకిలుకు, ఆటోకు, ట్రాక్టరుకు టోలు లేదన్నారు. ట్రాక్టరును వదిలేశారు కదా, మనకేం నష్టం అని మనలోనే కొందరంటున్నారు.

నష్టం ఉందండి. కళ్లంలో ట్రాక్టరుకెత్తినా ధాన్యం దూరం పోయేది లారీ మీదే. ఆకివీడు, కైకలూరు చేపలు కలకత్తా వెళ్లేదీ, మేత, ఎరువు వచ్చేదీ లారీ మీదే. లారీ ఓనరు కట్టిన టోలు కిరాయిలో కలుస్తుంది, కొనేవాడు దాన్ని మన ధరలో కోస్తాడు.

అసలు రోడ్ల కోసం మనం ఇప్పటికే కడుతున్నాం. 2020 సెప్టెంబరులో పెట్రోలు, డీజిలు మీద లీటరుకు రూపాయి రోడ్డు సెస్సు వేశారు. రోడ్డెక్కని డీజిలుకూ అదే రూపాయి. చేలో వరికోత మిషనుకు, నీళ్లు తోడే ఆయిలింజనుకు, చెరువుగట్టు మీద జనరేటరుకు పోసిన డీజిలుకు రోడ్డుతో ఏం పని? 2021 అక్టోబరు 2న, ప్రతిపక్షంలో ఉండగా, పవన్ కల్యాణ్ గారు రాజమహేంద్రవరం దగ్గర గుంతలు పూడ్చడానికి పార పట్టారు. ఇప్పుడాయన ఉప ముఖ్యమంత్రి. ప్రభుత్వం మారింది, రూపాయి మాత్రం పోలేదు. ఏ జిల్లాలో ఎంత వసూలైంది, ఏ రోడ్డుకు పెట్టారు? ఆ లెక్క చూపించకుండా టోలు మాట ఎత్తొద్దు.

కొల్లేరు సంగతి వేరు. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచింది. ఆ నీరు కొల్లేరులోకి దిగాక ఏలూరు–కైకలూరు రోడ్డు మీద చినయడ్లగాడి దగ్గర వరద పొర్లి రాకపోకలు ఆగిపోయాయి. రోడ్డు ఎత్తు చేయమని అందరూ అడుగుతున్నారు. చేయాలి. కానీ మట్టి పోసి గట్టులా లేపితే ఎగువ చేలు మునుగుతాయి. బుడమేరు, తమ్మిలేరు రెండూ దిగేది కొల్లేరులోకే, సముద్రానికి దారి ఉప్పుటేరు ఒక్కటే. కాబట్టి నీరు కిందినుంచి పోయేలా వంతెన కట్టాలి, పెదయడ్లగాడి వంతెన కానాల్లో గుర్రపుడెక్క ఎప్పటికప్పుడు తీయాలి. టోలు ఏజెన్సీ బళ్లు లెక్కపెడుతుంది గానీ నీళ్లు లెక్కపెట్టదు. 1999 నుంచి కొల్లేరు అభయారణ్యం. ఆర్ అండ్ బీ, ఇరిగేషన్, అటవీ శాఖలు కలిసి కూర్చుంటే తప్ప ఇది తేలదు.

ప్రమాదాల మాట కూడా చెప్పాలి. ధాన్యం ట్రక్కుల వెనక లైటు ఉండదు, రిఫ్లెక్టరు స్టిక్కరైనా అంటించండి, పెద్ద ఖర్చు కాదు. కళ్లాలు లేక రోడ్ల మీద ఆరబోస్తున్నాం. ఊరూరా కళ్లాలడగడం కూడా రోడ్డు భద్రత కిందకే వస్తుంది.

2022లో జిల్లాలు విడదీశాక ఒక కొస ఏలూరు కలెక్టరుకు, ఇంకో కొస భీమవరం కలెక్టరుకు పోయింది. రెండు చోట్లా సోమవారం గ్రీవెన్సులో అర్జీలిద్దాం. మీ ఊరి రోడ్డు ఏ తూము దగ్గర కుంగిందో, కాలువ పక్కన ఎక్కడ రక్షణ గోడ లేదో రాసి, సంతకాలతో ఈ నెలాఖరులోగా మండల కమిటీకి ఇవ్వండి.